పిల్లాణ్ని షాపుకి పంపొద్దు

మా అన్నయ్య తాగుతాడు. ఈ సంగతి ఇక్కడ రాస్తానని ముందు అన్నయ్యకే చెప్పాను. "పేరు రాయకు, ఊరు రాయకు. మిగతాది నీ ఇష్టం. తెలియనివాళ్ళు ఎవరున్నారు గనక" అన్నాడు. కాబట్టి ఊరు ఒంగోలు చుట్టుపక్కల ఎక్కడో అనుకోండి. అన్నయ్య చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాడు. వదిన సీజన్లో పొగాకు గ్రేడింగుకి వెళ్తుంది. పిల్లలిద్దరు. పెద్దది ఇంటర్, చిన్నోడు ఎనిమిదో తరగతి. నేను పక్క మండలంలో జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను.

ఇది అన్నయ్య చేత మానిపించడం గురించి కాదు. ఆ ప్రయత్నాలు వేరే నడుస్తున్నాయి. డీ-అడిక్షన్ సెంటర్‌కి వెళ్ళొచ్చాడు, కొన్నాళ్ళు బాగున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఇది చిన్నోడి గురించి. తండ్రి తాగే ఇంట్లో పెరుగుతున్న పిల్లాడికి ఆ అలవాటు అంటకుండా ఇంట్లోవాళ్ళం ఏం చేయగలం, ఏం చేస్తున్నాం అన్నదాని గురించి.

మా బంధువుల్లో ఒక మాట ఉంది. చిన్నోడు కొంచెం విసుక్కున్నా, తలుపు గట్టిగా వేసినా, "అంతా తండ్రి పోలికే, రేపు వీడూ అంతే" అంటారు. అదీ వాడి ముందే. నాకు ఒళ్ళు మండిపోతుంది. వంశపారంపర్యం అబద్ధమని కాదు. కవలల మీద, దత్తత పిల్లల మీద చేసిన పరిశోధనలు తాగుడుకు బానిసయ్యే ముప్పులో దాదాపు సగం జన్యువుల నుంచే వస్తుందని చెప్తాయి. కానీ ముప్పు ఉండడం వేరు, జరిగి తీరడం వేరు. తాగే తండ్రులున్న పిల్లల్లో ఎక్కువమంది తాగుబోతులు కారు. ఈ సగం లెక్క చెప్పేవాళ్ళు మిగతా సగం ఎక్కడుందో ఎందుకు అడగరు?

ఒక్క విషయం మాత్రం చిన్నోడికి పెద్దయ్యేలోపు చెప్పి తీరాలని రాసిపెట్టుకున్నాను. మన మగవాళ్ళు "మనకి కెపాసిటీ ఎక్కువ, ఎంత తాగినా ఎక్కదు" అని గొప్పగా చెప్పుకుంటారు కదా. అమెరికాలో మార్క్ షూకిట్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి తాగుబోతుల కొడుకుల మీద పరిశోధన చేశాడు. వాళ్ళలో చాలామందికి మొదట్లో మందు త్వరగా ఎక్కదని తేలింది. అలా ఎక్కనివాళ్ళే తర్వాత ఎక్కువగా బానిసలయ్యారు. చాలు అని ఒళ్ళు చెప్పదు గనక తాగుతూనే పోతారు. అంటే మనవాళ్ళు చెప్పుకునే ఆ కెపాసిటీ నిజానికి ప్రమాద సూచన. అన్నయ్యకి ఇది చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. పెళ్ళికి ముందు స్నేహితుల్లో ఆయనదే కెపాసిటీ అని పేరు.

స్కూల్లో ఏటా జూన్ 26న డ్రగ్స్ వ్యతిరేక దినం చేస్తాం. ర్యాలీ, ప్రతిజ్ఞ, వ్యాసరచన, చిత్రలేఖనం. పిల్లలు పుర్రె బొమ్మలు, సిగరెట్ మీద క్రాస్ గుర్తులు బ్రహ్మాండంగా వేస్తారు. అది వద్దనను. కానీ ప్రతిజ్ఞ చేసిన పిల్లాడు సాయంత్రం ఇంటికెళ్ళగానే వాళ్ళ నాన్న వంద నోటిచ్చి "రెండు గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, మిక్చరు పట్రా" అంటే ప్రతిజ్ఞ ఏమైనట్టు?

మా ఇంట్లో మొదటి రూలు అక్కడే పుట్టింది. చిన్నోడు ఆరో తరగతి నుంచే మంచింగ్ తెచ్చేవాడు. మిగిలిన చిల్లర వాడిదే. ఆ చిల్లర కోసం వాడే "నాన్నా, ఇవాళ తేవాలా" అని అడిగే స్థితికి వచ్చింది. కొన్నాళ్ళకి బెల్ట్ షాపు నుంచి క్వార్టర్ తేవడం కూడా. కొట్టువాడు "మీ నాన్నదేనా" అని పేపర్లో చుట్టి ఇచ్చేసేవాడు. ఏ బ్రాండు ఎంతో, ఏది లేకపోతే ఏది తేవాలో వాడికి కంఠతా వచ్చు. పొగాకు, మందు పిల్లలకి ఇవ్వడమే కాదు, పిల్లల చేత మందు మోయించడం, తెప్పించడం కూడా జువెనైల్ జస్టిస్ చట్టం 77, 78 సెక్షన్ల కింద నేరం. ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అన్నయ్యకి చదివి వినిపిస్తే నవ్వాడు. "అయితే మన వీధిలో సగం మంది లోపలే ఉండాలి" అన్నాడు. నిజమే, ఉండాలి. నేను నవ్వలేదు.

అప్పుడు అన్నయ్యని ఒక్కటే అడిగాను. నువ్వు మానతావో లేదో తర్వాత చూద్దాం, ముందు పిల్లాణ్ని షాపుకి పంపకు. గ్లాసుకి కూడా పంపకు, సోడాకి కూడా పంపకు. అలాగే రాత్రి నువ్వు రాలేదని వాణ్ని వెతకడానికి మేం పంపం. ఈ రెండోది మా అమ్మకి, వదినకి చెప్పాల్సిన మాట. "మీ నాన్న ఎక్కడ పడున్నాడో చూసి తీసుకురారా" అని వైన్ షాపు దాకా పంపేది వాళ్ళే. తండ్రి కొడుకు మాట వింటాడని వాళ్ళ ఆశ. అక్కడ పెద్దవాళ్ళు పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని వేరుశనగపప్పులు పెడతారు, వాళ్ళ జోకులు వీడు వింటాడు. అన్నయ్య ఒప్పుకున్నాడు. ఆ మాట మీద ఇప్పటిదాకా నిలబడ్డాడు. మందు మానలేని మనిషి కూడా ఇంత చేయగలడని నాకు అప్పుడే తెలిసింది.

ఇక రుచి చూపించడం. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి మేనమామలు సరదాగా నురగ నాకించడం, "మగపిల్లాడు కదా" అని మూత నిండా పోయడం. దీని మీద ఒక అమెరికా లెక్క చెప్తాను. 1997లో వచ్చిన పెద్ద సర్వే విశ్లేషణ ఇది. పదిహేనేళ్ళ లోపు తాగడం మొదలుపెట్టినవాళ్ళలో దాదాపు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మందుకి బానిసలయ్యారు. ఇరవై నిండాక మొదలుపెట్టినవాళ్ళలో అది దాదాపు 10 శాతమే. తొందరగా మొదలుపెట్టడమే కారణమా, లేక ముందే ఇబ్బందుల్లో ఉన్న పిల్లలు తొందరగా మొదలుపెడతారా అని వాదనలున్నాయి. ఏదైనా సరే, ఆలస్యం చేయగలిగిన ప్రతి ఏడూ లాభమే. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ మూత పోయరు. పోసిన మామయ్యకి వదిన అందరి ముందే చెప్పింది. ఆయన పండక్కి అలిగాడు, మళ్ళీ వచ్చాడు.

వద్దు, వద్దు అని ఎన్ని చెప్పినా బదులుగా ఏం పెట్టాలో నాకు తెలిసేది కాదు. చదువుతూ పోతే అమెరికాలోని యూటా యూనివర్సిటీలో కరోల్ కంఫర్ అనే సైకాలజిస్టు 1980ల మొదట్లో తయారుచేసిన 'స్ట్రెంతెనింగ్ ఫ్యామిలీస్ ప్రోగ్రాం' గురించి తెలిసింది. మత్తుమందులకి చికిత్స తీసుకుంటున్న తల్లిదండ్రుల పిల్లల కోసమే, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ కోసమే మొదట దాన్ని చేశారు. వారానికోసారి చొప్పున 14 వారాలు. మొదటి గంట తల్లిదండ్రులు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. రెండో గంట అందరూ కలిసి, నేర్చుకున్నది అక్కడే చేసి చూస్తారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి. ముందు అందరికీ కలిపి భోజనం పెడతారు. చంటిపిల్లలుంటే చూసుకోవడానికి మనుషుల్ని పెడతారు. అలసిపోయి, ఆకలితో, సిగ్గుతో వచ్చే కుటుంబాలు ఇవి అని తెలిసినవాళ్ళు తయారుచేసినట్టు ఉంటుంది.

మా జిల్లాలో అలాంటిది నడిపేవాళ్ళు నాకు దొరకలేదు. దాంతో ఆదివారం మధ్యాహ్నం నేనే పుట్టింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. కోడికూరో, చేపల పులుసో, అమ్మ వండేస్తుంది. అన్నయ్యకి రూలు ఒక్కటే, ఆదివారం భోజనానికి తాగి రాకూడదు. తాగితే రాకూడదు, గొడవ లేదు. కొన్ని ఆదివారాలు రాడు. ఆయన ప్లేటు పెట్టం, దాని గురించి మాట్లాడం.

ఆ ప్రోగ్రాంలో ఒక పని ఉంది. తల్లి గానీ తండ్రి గానీ రోజూ పది పదిహేను నిమిషాలు పిల్లాడు చెప్పిన ఆట ఆడాలి. ఆటలో ఆర్డర్లు వేయకూడదు, తప్పులు పట్టకూడదు, చదువు ఊసెత్తకూడదు. వినడానికి ఎంత తేలికో! చిన్నోడు అష్టాచెమ్మా అన్నాడు. అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీశాడు. వదిన గవ్వలు వేసింది, చెమ్మ పడింది. కాయ జరిపింది. వాడి వంతు వచ్చింది. "ఒరేయ్ అది కాదురా, వెనకది జరుపు, ఇది చస్తుంది" అంది. నేను వదిన వంక చూశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు తన ఇష్టం వచ్చిన కాయే జరిపాడు, అది చచ్చింది. కాసేపటికి "అవునూ, ఆ మేస్త్రీ గారబ్బాయికి లెక్కల్లో ఎన్నొచ్చాయి?" ఈసారి చిన్నోడే "అత్తా, చూడు అమ్మని" అన్నాడు. వదిన నవ్వేసింది. ఆజ్ఞ లేకుండా కొడుకుతో ఒక్క వాక్యం మాట్లాడడం ఎంత కష్టమో ఆమెకే ఆశ్చర్యం. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఆ గవ్వలే.

ఎందుకంటే కొన్ని వారాలకి ఆ అరుగు మీదే ఒక సంగతి బయటపడింది. వాడు ప్రోగ్రెస్ కార్డు అన్నయ్యకి నైట్ షిఫ్ట్ ఉన్న రోజే ఇంటికి తెస్తాడు. "లేకపోతే మార్కులు చూసి నాన్న తాగుతాడుగా" అన్నాడు, గవ్వలు విసురుతూ, మామూలుగా. ఎప్పుడో ఒక యూనిట్ టెస్ట్ రోజు అలా జరిగిందట. అప్పట్నుంచి వాడి లెక్కలో తండ్రి తాగుడు తన బాధ్యత.

తాగుబోతుల కుటుంబాల కోసం పనిచేసే అల్-అనాన్ వాళ్ళకి దీని మీద మూడు ముక్కలున్నాయి. నీ వల్ల రాలేదు, నువ్వు ఆపలేవు, నువ్వు నయం చేయలేవు. నేను చెప్దామనుకున్నాను. అన్నయ్య నేను చెప్తానన్నాడు. తర్వాతి ఆదివారం చేతులు కడుక్కుని వచ్చి వాడి పక్కన కూర్చుని, "నీ మార్కులకి నేను తాగలేదురా. నీకు మంచి మార్కులొచ్చిన రోజు కూడా తాగాను. నాకది జబ్బు, డాక్టరు చూస్తున్నాడు. నువ్వు కార్డు ఎప్పుడైనా తే" అన్నాడు. ఇంతకన్నా ఏ కౌన్సెలరూ బాగా చెప్పలేడు.

బయటి సంగతులకొస్తే, మా స్కూల్ పిల్లల జేబుల్లో నేను సారా సీసా ఎప్పుడూ చూడలేదు. చూసినవి పెదవి కింద పెట్టుకునే పుదీనా వాసన పొగాకు పౌచ్‌లు, గుట్కా, ఒకసారి గుడ్డలో ముడిచిన పంక్చర్ సొల్యూషన్. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేసి 2019లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వేలో, ఇలా పీల్చే మత్తుల వాడకం 10-17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువున్న మత్తు ఇదొక్కటే. పది రూపాయలకి దొరుకుతుంది, ఎవరూ అనుమానించరు. పుస్తకాల సంచిలో థిన్నర్ ఉంటే డ్రాయింగ్ కోసం అనుకుంటాం. గంజాయి గురించి భయపడే తల్లిదండ్రులు వీటి వాసన కూడా తెలుసుకుంటే మంచిది.

చిన్నోడితో "ఒక్కసారి టేస్ట్ చెయ్‌రా, ఏం కాదు" అనే స్నేహితుడి వేషం పెద్దది వేసింది, నవ్వుకుంటూ రిహార్సల్ చేశాం. "వద్దు, ఆరోగ్యానికి హానికరం" అని చెప్పమంటే వాడు నన్ను జాలిగా చూశాడు. "అత్తా, అలా అంటే వారం రోజులు ఏడిపిస్తారు." చివరికి వాడే కనిపెట్టుకున్నాడు: "మా అత్త బయాలజీ టీచర్‌రా బాబూ, రోజూ నోరు వాసన చూస్తుంది, చంపేస్తుంది." నేను చూడను. కానీ ఆ చెడ్డపేరు నాకు సంతోషమే, వాడుకోమన్నాను.

ఒక్క ఇంటి రూలు వీధిలో నిలబడదు. రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉండాలంటే "అందరూ ఉన్నారు, నేనొక్కణ్ణేనా" అంటాడు, వాడి మాటా న్యాయమే. ఐస్‌లాండ్‌లో దీన్ని దేశమంతా చేశారు. పిల్లలు రాత్రి బయట ఉండే వేళలకి చట్టం పెట్టారు. ఒక స్కూల్ తల్లిదండ్రులంతా కలిసి మాట రాసుకుంటారు. రాత్రిళ్ళు వాళ్ళే వీధుల్లో తిరిగి వస్తారు. పిల్లలకి క్రీడలకీ సంగీతానికీ డబ్బు కేటాయించారు. 1998లో 15-16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో తాగి తూలినవాళ్ళే. 2016కి అది 5 శాతం. మేం అంత చేయలేదు. చిన్నోడి స్నేహితుల తల్లులు నలుగురైదుగురితో వదిన వాట్సాప్ గ్రూప్ పెట్టింది. ఎనిమిది దాటితే ఎవరి పిల్లాడు ఎవరింట్లో ఉన్నాడో అందులో పడుతుంది. సగం మెసేజ్‌లు చీరల ఫొటోలే, పర్వాలేదు.

ఇదంతా మంత్రం అని చెప్పను. కంఫర్ ప్రోగ్రాం నుంచే 10-14 ఏళ్ళ పిల్లల కోసం ఏడు వారాల రకం ఒకటి తయారైంది. అమెరికాలోనే అయోవా రాష్ట్రంలో 33 పల్లె స్కూళ్ళలో ఆరో తరగతి పిల్లలతో మొదలుపెట్టి పన్నెండో తరగతి దాకా గమనిస్తే మందు, సిగరెట్, గంజాయి మొదలుపెట్టడం తగ్గిందని తేలింది. అదే ప్రోగ్రాంని పోలండ్‌లో, స్వీడన్‌లో పరీక్షిస్తే తేడా కనబడలేదు. అంటే పుస్తకం తెచ్చి అప్పజెప్తే పని కాదు. కాబట్టి మా ఆదివారాలు చిన్నోణ్ణి కాపాడతాయని నేను రాసివ్వలేను. ఇంట్లో మాటలు పెరిగాయి, షాపు పని ఆగింది. ఈ రెండూ నేను కళ్ళారా చూస్తున్నాను.

మా అమ్మకి ఈ ఆటలూ మీటింగులూ మొదట్లో నవ్వులాటగా ఉండేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక ఆ ఊపు మా వైపూ వచ్చింది. సారా కొట్టు ముందు చీపుర్లతో కూర్చున్నవాళ్ళలో మా అమ్మ ఒకతె. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. "కొట్టు మూస్తే కొంపలు బాగుపడతాయనుకున్నామే" అంటుంది. కొట్టు మూయడం తప్పని అమ్మ అనదు, నేనూ అనను. స్కూలుకి వంద గజాల్లో పొగాకు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంటే మా స్కూలు గేటు ఎదురుగానే అమ్ముతుంటారు, దాని మీద నేనూ పోట్లాడుతూనే ఉన్నాను. కానీ కొట్లు మన చేతిలో లేని రోజున కూడా అన్నం గిన్నె చుట్టూ కూర్చోవడం మన చేతిలో ఉంది.

ఎవరికైనా అవసరపడితే, డీ-అడిక్షన్ సలహాకి దేశమంతా ఒకే నంబరు 14446. పిల్లలకి ఇబ్బందిగా ఉంటే 1098. గంజాయి, డ్రగ్స్ అమ్మేవాళ్ళ గురించి చెప్పాలంటే ఆంధ్రాలో 1972, తెలంగాణలో 1908.

మొన్న పెద్దది గట్టిగానే అడిగింది. "అన్నీ వాడికేనా? వాడు తాగుతాడేమోనని అందరికీ టెన్షన్. నాన్న తలుపు కొట్టే చప్పుడుకి రాత్రి నాకు నిద్ర పట్టదు, అది ఎవరూ అడగరు." సమాధానం చెప్పలేకపోయాం. ఆడపిల్ల తాగదులే అనుకుని ఆమెని లెక్కలో వేయలేదు, ఆమె మాత్రం పరీక్షల ముందు గుండె దడకి మాత్రలు అడుగుతోంది. ఇప్పుడు అన్నయ్య రాత్రి తలుపు కొట్టడు, ముందు అరుగు మీద మంచం వేసి ఉంటుంది, అక్కడే పడుకుంటాడు. పెద్దదాన్ని వచ్చే వారం ఒంగోలులో డాక్టరుకి చూపిస్తున్నాను.

ఈ ఆదివారం తేలాల్సింది చిన్నోడి ఫోన్ సంగతి. సొంత ఫోన్ కావాలట, తొమ్మిదిలోకి వెళ్తున్నాడట. అన్నయ్య వద్దంటున్నాడు, వదిన వాట్సాప్ లేకుండా అంటోంది, అమ్మ ఇప్పటికే డబ్బులిస్తానని మాటిచ్చేసింది.